జీపుకు హారతి ఇవ్వొద్దు

రమణీ, నేను వచ్చేదాకా జీపు దగ్గర కర్పూరం వెలిగించనీయొద్దు. టెంకాయ, నిమ్మకాయలు పక్కన పెట్టు.

అవినాష్ పాత జీపులో పెద్ద ఇంజన్ బిగించాడు గానీ పెట్రోలు పైపు పాతదే ఉంచాడు. కొత్త పంపు తోసే జోరుకు ఆ రబ్బరు పైపు చెమరుస్తోంది. వేలితో తుడిచి వాసన చూశాను, పెట్రోలే. చెబితే, "ఒక్క చుక్కకు ఏమైతాది నాయనా, అహోబిలం పోయొచ్చినాక మారుస్తాలే" అంటాడు. పూజ చేయించి, నిన్నూ కోడలినీ ఎక్కించుకుని ఈ పొద్దే బయలుదేరాలని వాడి తొందర. ఇంజన్ కొనేటప్పుడు ఉన్న హుషారు పైపు దగ్గరికి వచ్చేసరికి లేదు.

గట్టి పైపు డోన్‌లో దొరుకుతుందని ఓబుళేశు మేస్త్రీ చెప్పాడు. మొదటి బస్సుకు పోతున్నాను. ఈ పూటకు నా బదులు మన మండీలో కోడలిని కూర్చోబెట్టు. ఈ వయసులో బస్సుల వెంట పడే ఓపిక నాకు లేదు. కానీ పంట ధర పడిపోతే మరుసటి ఏడు రాబట్టుకోవచ్చు, మీకు ఏమైనా అయితే నేను ఎక్కడ రాబట్టుకోవాలి?

తాళం చెవి నా దగ్గరే ఉంది. నీ మాట వాడు వినడని కాదు. వాడు రెండుసార్లు అమ్మా అంటే నువ్వే అగ్గిపెట్టె తెచ్చిస్తావు.