అరచేయంత రంగు

ఎర్రగుంట్ల,
6 జూలై 2008

ప్రియమైన ఏసేపుకు,

నువ్వూ, చెల్లెలూ, పిల్లలూ బాగున్నారనుకుంటాను. ఈ ఉత్తరం తెచ్చిన కంబన్న మా వీధివాడు, నమ్మకమైన డ్రైవరు. అతను తోలుకొచ్చిన మెరూన్ కారు నాదే. నెల కిందట మీ కర్నూలులోనే తీసుకున్నాను, నీకు పని ఇచ్చే షోరూంలోనే. ఆరోజు నీ దగ్గరికి వస్తే షెడ్డుకు తాళం ఉంది. గుంటూరులో పెళ్లికి పోయారని పక్కవాళ్లు చెప్పారు.

ఫోన్ చేయలేదని కోప్పడకు. పందొమ్మిదేళ్లు సిమెంటు ఫ్యాక్టరీలో క్రషర్ పక్కన నిలబడినందుకు నా చెవులు ఏమయ్యాయో నీకు తెలుసు. ఫోన్ ఎత్తితే గాలి చప్పుడు కూడా రాదు.

ఇక్కడ పొద్దున తుడిచిన బండి మధ్యాహ్నానికి తెల్లగా బూడిద పట్టి ఉంటుంది. కాస్త తుంపర పడిందంటే ఆ సిమెంటు దుమ్ము గట్టిపడిపోతుంది. గుడ్డతో రుద్దితే అన్నీ గీతలే. నువ్వు బెంగళూరులో నేర్చుకుని వచ్చిన టెఫ్లాన్ కోటింగ్ వేసి, ముందు భాగానికి ఆ అద్దంలాంటి ఫిలిం కూడా అతికించు. బానెట్ మొత్తం కప్పేయాలి.

లక్ష్మీదుర్గ రెండు నెలలుగా కోయిలకుంట్లలో పుట్టింట్లోనే ఉంది, వాళ్లమ్మకు కంటి ఆపరేషన్ అయింది. బండిని ఇంకా చూడలేదు. కొంటానన్నప్పుడే "హారన్ ఇనపడనోనికి కారు యాలంట?" అని రెండు రోజులు అన్నం తినలేదు. ఒక్క గీత కూడా పడనివ్వనని మాట ఇచ్చి ఒప్పించాను. ఆమె వచ్చేసరికి బండి కొత్తగా మెరవాలి. ఎన్ని రోజులైనా ఉంచుకో.

నీ
హరినాథ్


కర్నూలు,
12 జూలై 2008

ప్రియమైన హరికి,

బండిని చూసి నాకు నేనే కొనుక్కున్నంత సంబరమైంది. ఐ.టి.ఐ. చదివేటప్పుడు ఒక్క అద్దె సైకిలు మీద ఇద్దరం తిరిగినవాళ్లం కదా.

సబ్బునీళ్లతో కడగడం, మురికి లాగే మట్టిముద్దతో రుద్దడం, మిషన్ పాలిష్ అన్నీ అయ్యాయి. కోటింగ్ రెండు పొరలు వేశాను. దాని మీద నీళ్లు పోస్తే ముత్యాల్లా జారిపోతున్నాయి. మీ ఊరి దుమ్మును పొడిగుడ్డతో ఎప్పుడూ తుడవొద్దు. ముందు నీళ్లు ధారగా పోసి, తర్వాతే గుడ్డ పెట్టు.

ఫిలిం నిన్న అతికించాను. సబ్బునీళ్లు చల్లి, ఫిలిం పరిచి, రబ్బరు పట్టీతో నీళ్లన్నీ అంచులకు తోసెయ్యాలి. చంటిబిడ్డకు చొక్కా తొడిగినంత నిదానం కావాలి. బానెట్ మధ్యలో ఒకచోట గాలిబుడగ ఉండిపోయింది. వేరేవాళ్ల బండైతే సూదితో పొడిచి వదిలేసేవాణ్ణి. నీ బండి కాబట్టి ఆ ముక్క పీకేసి కొత్తది వేస్తాను. ఇంకో నాలుగు రోజులు పడుతుంది.

షోరూంవాళ్లు అమ్మిన ప్రతి బండీ కోటింగ్‌కు నాకే పంపుతున్నారు. మేనేజరు ప్రదీప్‌కుమార్ మంచివాడు. పిల్లల చదువుకు బెంగ లేదు.

ప్రేమతో
ఏసేపు


కర్నూలు,
15 జూలై 2008

ప్రియమైన హరికి,

ఎట్లా రాయాలో తెలియడం లేదు.

నిన్న ఫిలిం పీకాను. హెయిర్ డ్రయ్యరుతో వేడి చేసి, ఎప్పటిలాగే మెల్లగా లాగాను. ఫిలింతో పాటు రంగు కూడా లేచి వచ్చింది. బానెట్ మీద అరచేయంత మేర. ఇన్నేళ్లలో ఇట్లా ఎప్పుడూ జరగలేదు, హరీ. కంపెనీలో వేసిన రంగు ఫిలింకు లేవదు. లేచిందంటే నా చెయ్యన్నా తప్పి ఉండాలి, బండికన్నా ఏదో జరిగి ఉండాలి.

దాచకుండా చెప్పు. బండి నీ దగ్గరికి వచ్చాక దానికి ఎవరైనా రంగు వేశారా? ఎక్కడైనా తగిలిందా? ఉంటే ఏమీ కాదు, ఆ లెక్కన బాగు చేస్తాను. నాకు నిద్ర పట్టడం లేదు.

ఏసేపు


ఎర్రగుంట్ల,
19 జూలై 2008

ప్రియమైన ఏసేపుకు,

నువ్వు ఇంత కంగారు పడాల్సిన పని లేదు. పోయింది రంగే కదా. బండి షోరూం నుంచి ఎట్లా వచ్చిందో అట్లాగే నీ దగ్గరికి పంపాను, ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఎట్లా జరిగిందని ఇప్పుడు తవ్వడం ఎందుకు? తెలిసిన పెయింటరుతో రంగు వేయించి, పైన ఫిలిం అతికించి పంపు. నీ తప్పని నేను అనను, ఇంకొకరిని అననివ్వను. లక్ష్మీదుర్గ వచ్చే నెలలో వస్తుంది. అంతలోపల బండి ఇంట్లో ఉంటే చాలు.

నీ
హరినాథ్


కర్నూలు,
27 జూలై 2008

ప్రియమైన హరికి,

నువ్వు రాసిన మాట పట్టుకునే ఇంత దూరం వచ్చాను.

రంగు వేయించడానికి పెయింటరు ఓబన్నను పిలిచాను. ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషి. లేచిన చోట గోటితో గీకి, "ఇది రెండో రంగప్పా. కింద పుట్టీ ఉండాది, సొట్ట తీసినారు. నీ చెయ్యి తప్పలేదు" అన్నాడు. ఆ మాటకు నాకు ప్రాణం లేచి వచ్చింది. వెంటనే కోపం కూడా వచ్చింది. నువ్వు తాకలేదన్నావు. అంటే సొట్టపడిన బండికి రంగు పూసి, చెవులు వినపడని నా స్నేహితుడికి కొత్తదని అంటగట్టారన్నమాట.

నేరుగా షోరూంకు పోయి ప్రదీప్‌కుమార్‌ను అడిగాను. అతను రిజిస్టర్లు తెప్పించి చూపించాడు, బండి దించిన రోజు తీసిన ఫొటోలు చూపించాడు. నేను నమ్మలేదు. లోపల కొనడానికి వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్ల ముందరే అరిచాను. అతను నెమ్మదిగానే అడిగాడు, "మీ స్నేహితుడే యాడన్నా గుద్ది రంగేయించి ఉంటే?" అని.

"మా హరి అబద్ధం చెప్పడు" అన్నాను.

ఆరోజు నుంచి ఒక్క బండి కూడా పంపలేదు. నిన్న మనిషి చేత చివరి మాట చెప్పించాడు. బండి ఓనరు వచ్చి తన ఎదురుగా నిలబడి ఎవరూ ముట్టుకోలేదని చెబితే కొత్త బానెట్ వేయిస్తాడట, నా పని నాకు ఇస్తాడట. సోమవారం, ఆగస్టు నాలుగున పది గంటలకు రా. నువ్వు ఏమీ వినక్కర్లేదు. ఒక్క మాట చెబితే చాలు. బస్టాండుకు నేనే వస్తాను.

ప్రేమతో
ఏసేపు


కర్నూలు,
18 ఆగస్టు 2008

హరికి,

ఆ సోమవారం ఎనిమిదికే బస్టాండుకు వచ్చి, ఒంటిగంట దాకా కడప వైపు నుంచి వచ్చే ప్రతి బస్సూ చూశాను. తర్వాత ఉత్తరమన్నా వస్తుందని రెండు వారాలు చూశాను. ఒంట్లో బాగాలేదేమోనని భయపడి కంబన్నకు ఫోన్ చేశాను. నువ్వు రోజూ డ్యూటీకి పోతున్నావని చెప్పాడు.

నా చేతి పొరపాటు వల్లే రంగు లేచిందని, షోరూం మీద లేనిపోని నింద వేశానని కాగితం రాసిస్తే పని సంగతి చూస్తామని షోరూంవాళ్లు అన్నారు. నా దగ్గర ఇంకేమీ లేదు, రాసిచ్చాను. కాగితం తీసుకున్నారు. పని మాత్రం అప్పటికే వేరేవాళ్లకు ఇచ్చేశారు.

ఓబన్న బానెట్ మొత్తానికి రంగు వేశాడు. అది బాగా ఆరాక ఫిలిం అతికించాను. బుడగ లేదు. బండిని కంబన్నతో పంపుతున్నాను. నెల చివర షెడ్డు ఖాళీ చేసి బళ్ళారి పోతున్నాం. మా బామ్మర్ది తెలిసినవాళ్ల కార్ వాష్‌లో పని చూశాడు. అడ్రసు కవరు వెనక రాశాను.

ఏసేపు


ఎర్రగుంట్ల,
23 సెప్టెంబర్ 2008

ప్రియమైన ఏసేపుకు,

ఈ ఉత్తరం జూలైలో రాయాల్సింది.

బండి కొన్న పన్నెండో రోజు సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక లారీ వెనక ఆపుకుని ఉన్నాను. లారీ రివర్స్ తీసింది. డ్రైవరు హారన్ కొట్టాడట, క్లీనరు అరిచాడట, పక్కన టీ తాగేవాళ్లు అరిచారట. నాకు ఏదీ తెలియలేదు. నేను డ్యూటీ కాగితం చూసుకుంటున్నాను. తలెత్తేసరికి లారీ వెనక భాగం బానెట్ మీద ఉంది. క్లీనరు డోరు బాదితే డ్రైవరు ఆపాడు.

ప్రొద్దుటూరులో ఒక షెడ్డులో నాలుగు రోజుల్లో సొట్ట తీసి రంగు వేశారు. ఇంట్లో తెలిస్తే బండి అమ్మించేస్తుంది. ఫ్యాక్టరీలో పైవాళ్ల దాకా పోతే నన్ను గేటు పనికి మార్చేస్తారు, ముందే ఆ ఆలోచనలో ఉన్నారు. నీకైనా చెప్పాల్సింది. ఫిలిం కింద అన్నీ కప్పబడిపోతాయనుకున్నాను. నువ్వు సూటిగా అడిగినప్పుడు ఒక అబద్ధం రాశాను. ఆ సోమవారం ప్యాంటూ చొక్కా వేసుకుని బస్టాండు దాకా పోయాను, బస్సు ఎక్కలేక తిరిగి వచ్చాను. వచ్చి ఏం చెప్పేవాణ్ణి? నిజం చెబితే నీ పరువు పోతుంది, అబద్ధం చెబితే ప్రదీప్‌కుమార్ ఉద్యోగం పోతుంది.

లక్ష్మీదుర్గ వచ్చి బండి చుట్టూ తిరిగి "ముఖం కనపడేటట్లు ఉండాదే" అని సంతోషపడింది. ఆ రాత్రి నుంచి నాకు అన్నం సయించలేదు.

నిన్న కర్నూలు వెళ్లాను. ప్రదీప్‌కుమార్‌కు అంతా చెప్పాను. కాళ్లు పట్టుకోబోతే లేపి కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఒక కాగితం మీద రాసి చూపించాడు: "ఇప్పుడు చెప్పి ఏం లాభమప్పా? వేరేవాళ్లతో రెండేళ్లకు రాసుకున్నాం." నీ షెడ్డులో ఇప్పుడు ఎవరో టైర్లు అమ్ముతున్నారు.

ఇంటికి వచ్చి లక్ష్మీదుర్గకు కూడా చెప్పాను. ఆమె ఏమన్నదో నాకు వినపడలేదు, మళ్లీ చెప్పమని అడగలేదు. ఇంక ఏం చేయాలో నాకు తెలియడం లేదు. నువ్వే చెప్పు.

హరినాథ్


బళ్ళారి,
14 అక్టోబర్ 2008

హరికి,

నీ ఉత్తరం చేరి పది రోజులైంది. మూడుసార్లు జవాబు మొదలుపెట్టి చించేశాను.

కోపం ఉంది. లేదని రాయలేను. నా చెయ్యి తప్పిందని నేనే రాసిచ్చిన కాగితం అక్కడ ఉంది. కర్నూలులో అందరూ దాన్నే నమ్ముతారు. ఇక్కడ నా చేతికి పైపు ఇచ్చారు, పాలిష్ మిషన్ ఇవ్వలేదు. మీ చెల్లెలికి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆమె దాన్ని మడిచి నా చేతిలోనే పెట్టేసింది.

కానీ ఆ లారీ సంగతి దగ్గరే నేను ఆగిపోయాను. ఇంకో రెండడుగులు వెనక్కి వచ్చి ఉంటే ఏమయ్యేది? ఆరోజే నాకు ఒక కార్డు ముక్క రాసి ఉంటే, మరుసటి బస్సుకు వచ్చేవాణ్ణి. నేనూ ఓబన్నా కూర్చుని బాగుచేసేవాళ్లం. నువ్వు దాచమంటే లక్ష్మీదుర్గ దగ్గర నేనూ దాచేవాణ్ణి.

ఏం చేయాలని అడిగావు. నాకూ తెలియదు. బండి మాత్రం ఇంక నువ్వు తోలొద్దు, కంబన్నను పెట్టుకో. ఇప్పట్లో బళ్ళారి రావద్దు. నువ్వు ఎదురుగా వచ్చి కూర్చుంటే కాగితం మీద నీకు ఏం రాసి చూపించాలో నాకు తోచదు.

ఉత్తరాలు రాస్తే రాయి. చదువుతాను.

ఏసేపు