నాలుగింతల వేగం

అమ్మా,

నీ పాదాలకు నమస్కారాలు. ఇక్కడ ఇద్దరం తింటున్నాం, తిరుగుతున్నాం. ఆ మేరకు క్షేమమే. అక్క కాన్పు తేలిగ్గా అయినందుకు సంతోషం. పసిదాని జలుబు తగ్గిందని తలుస్తాను.

అన్నయ్య చెయ్యి ఎలా ఉందని, నీ రెండు ఉత్తరాలకూ ఎందుకు జవాబు రాయలేదని అడిగావు. మొన్నమొన్నటి దాకా బాగానే కోలుకున్నాడు. పక్షవాతం వచ్చాక కుడిచేతి వేళ్లకు పని చెప్పమన్నాడు కదా డాక్టరు. చిన్నప్పుడు తానే ప్రోగ్రాం రాసుకున్న బంతాట కోసం, అదే తెర మీద దూసుకొచ్చే బంతిని మీట నొక్కి ఆపే ఆట కోసం, అటక మీది పాత కంప్యూటర్ దింపించుకున్నాడు. రోజూ పొద్దున్నే నా రిపేరు బల్ల పక్కన కూర్చుని ఆడేవాడు. మొదట్లో మూడు బంతులు ఆపినవాడు రెండు నెలలకు నలభై ఆపాడు. "చూశావట్రా మొద్దూ! ఈ చేత్తోనే నిన్ను ఓడిస్తా" అనేవాడు, పని మీద వచ్చినవాళ్ల ముందే. చిన్నప్పుడు చుట్టాల ముందు అన్నట్టే. అప్పుడు నువ్వూ నవ్వేదానివి.

ఆ కంప్యూటర్‌కి వేగం పెంచే ఆక్సిలరేటర్ కార్డు పెడతానన్నాను. పాత ప్రాసెసర్‌ను గూట్లోంచి పీకి, ఆ స్థానంలో ఈ కార్డు దిగ్గొట్టాలి. కార్డు మీద వేగమైన ప్రాసెసర్, సొంత మెమరీ ఉంటాయి. కీబోర్డు, తెర పాతవే. పని మాత్రం నాలుగింతల వేగం. ఉత్తరాలు రాసే ప్రోగ్రాం చిటికెలో తెరుచుకునేసరికి అన్నయ్య మురిసిపోయాడు. మర్నాడు ఆట పెట్టాడు.

ఆ ఆటకు వేరే గడియారం లేదమ్మా. ప్రాసెసర్ ఎంత పరుగెడితే బంతీ అంత పరుగెడుతుంది. ఒక్కటీ ఆపలేకపోయాడు.

"ఇది కార్డు వల్ల కాదు కదరా?"

"అది ఆటల జోలికి పోదన్నయ్యా. నీ చెయ్యే మందగించింది."

నమ్మాడు. వారం రోజులు పెనుగులాడి ఆట మానేశాడు. ఆ తర్వాత వ్యాయామాలూ మానేశాడు. వేళ్లు మళ్లీ ముడుచుకుపోయాయి. కలం పట్టలేడు, అందుకే నీకు జవాబు లేదు.

నీ దగ్గర దాచిన సంగతి ఇప్పుడు చెబుతున్నాను. కార్డు పక్కన చిన్న స్విచ్ ఉంది. నొక్కితే పాత వేగం వచ్చేస్తుంది. దాన్ని నొక్కకుండా వదిలింది మరచిపోయి కాదు. ఆయన మొహం వాడిపోతుంటే ఇంకా చూడాలనిపించింది.

నిన్న కంప్యూటర్ అమ్మెయ్యమన్నాడు. కొనడానికి ఒక టీచరమ్మ వచ్చి, "పాత ఆటలు ఆడుకోవచ్చా?" అని అడిగింది. నోరు జారాను. "ఈ స్విచ్ నొక్కండి, మామూలు వేగంతో నడుస్తాయి." తలెత్తితే అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మా తమ్ముడు చెప్పినట్టే చెయ్యండమ్మా," అన్నాడామెతో. "వాడు ఏం చేసినా తెలిసే చేస్తాడు."

ఇవాళ ఆయన చేతిలోంచి నీళ్ల గ్లాసు జారిపోయింది. తుడవబోతే నన్ను నెట్టేసి, తానే వంగబోయి, వంగలేక ఆ తడిలోనే కూలబడ్డాడు. లేపడానికి చెయ్యి చాస్తే పట్టుకోలేదు. వెంటనే వచ్చి ఆయన్ను తీసుకుపో అమ్మా. నా దగ్గర ఉంచకు.

ఇట్లు,
నీ రెండో కొడుకు