తడి వేలు

జూన్ 3
సూపరింటెండెంట్ గారు పిలిచారు. హాస్పిటల్‌కి టచ్‌స్క్రీన్లు కొనాలని ఆలోచిస్తున్నారట. రోగుల రికార్డులన్నీ ఇక అందులోనే. వచ్చే వారం డాక్టర్లందరి ముందు, కంపెనీవాళ్ళు తెచ్చే పెద్ద స్క్రీన్ మీద నేను ప్రెజెంటేషన్ ఇవ్వాలి. బాగా చేస్తే ఆ రికార్డుల పని నాకే, పర్మనెంట్. లేకపోతే నెలాఖరుకి రికార్డు రూములో నా కాంట్రాక్టు ముగుస్తుంది, ఆలోచించుకో అన్నారు. ఆలోచించడానికేముంది? మా ఇంట్లో బడి గడప తొక్కింది నేనొక్కదాన్నే.

జూన్ 4
అమ్మకి ఫోన్ చేశాను. అద్దం మీద వేలు పెడితే జబ్బు కనపడుతుందా తల్లీ అంది. జబ్బు కాదమ్మా, దాని గురించి రాసింది కనపడుతుందన్నాను. చదవడానికి నువ్వున్నావుగా, మళ్ళీ అద్దమెందుకు అంది. ఫోన్ పెట్టేశాక గదిలో ఫ్యాను చప్పుడొక్కటే.

జూన్ 6, మధ్యాహ్నం
రికార్డు రూము బేస్‌మెంట్‌లో ఉంది. రోజు మొత్తం మీద నాతో మాట్లాడేది మూడో అంతస్తు నర్సక్క ఒక్కతే. ఫైలు కోసం రొప్పుతూ దిగి వస్తుంది. నేను వెతికేలోపు, ఈ గుహలో ఎలా ఉంటావే, గబ్బిలానివా అంటుంది. ఇవాళ ఆమెకి నా ఊహలన్నీ చెప్పాను. ఎక్స్‌రేని రెండు వేళ్ళతో పెద్దది చేసుకోవచ్చు. స్పృహ లేకుండా వచ్చిన మనిషికి ఏ మందు పడదో క్షణంలో తెలుస్తుంది. మా డాక్టరు గారి చేతిరాత కూడా చదివి పెడుతుందా, అయితే దానికి రెండు చేతులా దండం పెడతానంది.

జూన్ 10
రేపే. గోడ ముందు నిలబడి ఆరుసార్లు చెప్పుకున్నాను. గోడ ఏమీ అడగలేదు.

జూన్ 11
ఐదు నిమిషాలు బాగానే సాగింది. తర్వాత పేజీ తిప్పాలి. రోజంతా ఫైళ్ళు తిప్పే చెయ్యి కదా, నాకు తెలియకుండానే వేలు నాలుకకి అద్దుకుని స్క్రీన్ మీద పెట్టాను. అంతమంది డాక్టర్ల ముందు! పేజీలు పిచ్చి పట్టినట్టు గెంతాయి. హాలంతా నవ్వు. ఇది పుస్తకం కాదు మేడమ్, తడి తగలకూడదు అన్నాడు కంపెనీ ఇంజనీరు. వేలు గబగబా తుడుచుకున్నాను.

అయినా నోరు ఊరుకోలేదు. మా నర్సులు పేషెంటు మారినప్పుడల్లా చేతులు కడుక్కుంటారు, వాళ్ళ వేళ్ళు ఎప్పుడు ఆరాలి సార్ అని అడిగాను. నవ్వు ఆగింది. గ్లవుజులతో పనిచేస్తుందా అని ఒక సర్జన్ అడిగారు. ఈ మోడల్‌కి కుదరదు సార్ అన్నాడు ఇంజనీరు. తడి చేతికి పనిచేసేదే తెండి, అప్పుడు కొంటాం అన్నారు సూపరింటెండెంట్ గారు. బయటికి వస్తూ నాతో, ఇంకోసారి వేలు నోట్లో పెట్టావంటే ఊరుకోను, నీ ఉద్యోగం ఆర్డరు మాత్రం పంపిస్తాను అన్నారు.

జూలై 1
పర్మనెంట్. ఇంకోసారి చెప్పు తల్లీ అని మూడుసార్లు అడిగింది అమ్మ.

ఆగస్టు 19
కొత్త స్క్రీన్లు వచ్చి నెలైంది. తడికీ, గ్లవుజుకీ పలుకుతాయి. అంతస్తుకి నాలుగు. పాత ఫైళ్ళన్నీ నేనే ఎక్కించాను, అందరికీ నేనే నేర్పాను. అందరికంటే ముందు వాడడం నర్సక్కకే వచ్చింది. నా మోకాళ్ళు బతికాయే, అంతా నీ చలవే అని బుగ్గ గిల్లింది.

సెప్టెంబరు 2
పని ఎలా ఉందని అమ్మ అడిగింది. బాగుందన్నాను. బాగానే ఉంది. రెండు వారాలుగా మెట్ల మీద నర్సక్క చెప్పుల చప్పుడు లేదు.

సెప్టెంబరు 9, పదకొండు గంటలు
ఎవరూ అడగని ఫైలొకటి పట్టుకుని మూడో అంతస్తుకి వెళ్ళాను. ఇది స్క్రీన్‌లో ఉందిగా అంది నర్సక్క. ఉందన్నాను. మళ్ళీ గబ్బిలానివా అంటుందేమోనని అక్కడే నిలబడ్డాను.