నీ బండి వేళకు వేడినీళ్లు

బాపూ,

పొద్దుటి నుంచి నా కాలు ఒకచోట నిలవడం లేదు. గీజర్ బిగించడానికి కరెంటు మిస్త్రీ రెండుసార్లు వచ్చి పోయాడు. "నల్లా తిప్పంగనే మసిలే నీళ్లొస్తయన్నా. ఆ పొయ్యి మీది నీళ్ల కాగు తీసేస్తెనే జాగ దొరుకుతది. జర జల్ది చెప్పు" అంటాడు. అమ్మ దగ్గుకు పొయ్యి పొగ పడదని దవాఖానలో గట్టిగా చెప్పారు. అందుకే గీజర్ కొన్నాను. కొన్నాక బిగించమనడానికి నోరు రావడం లేదు.

నువ్వు బొగ్గు ఇంజన్ నడిపిన రోజుల్లో కాజీపేట సిగ్నల్ దగ్గర రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వేసేవాడివి. అది వినగానే అమ్మ కాగు కింద మంట పెట్టేది. నువ్వు బొగ్గుమసితో గడప తొక్కేసరికి నీళ్లు కాగి ఉండేవి. నువ్వు పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడన్నీ డీజిల్, కరెంటు ఇంజన్లే, అన్నిటిదీ ఒకటే హారన్. అయినా నీ బండి వేళకు అమ్మ రోజూ మంట పెడుతూనే ఉంది.

మిస్త్రీ మూడోసారి వచ్చాక అమ్మనే అడిగాను.

"పెట్టియ్యి బిడ్డా, నీళ్లకేం ఫికర్ లేదు" అంది. కాగు కింది బూడిద ఎత్తుతూ, "గని మీ బాపు బండొచ్చే యాళ్లకు నేనేం జెయ్యాలె?" అని అడిగింది.

గీజర్ స్విచ్చి అమ్మ చేతికి అందేంత కిందికి పెట్టమన్నాను బాపూ. దాన్ని ఇంకెవరమూ ముట్టుకోం.