నలభై ఒకటో బొమ్మ

జనవరి 5, శుక్రవారం

సెలవురోజుల్లో చేసుకోవడానికి పని దొరికింది. ఎడారిలో ఆయిల్ కంపెనీ కట్టిన ఊరు అవాలిలో, మార్గరెట్ మేడమ్ ఇంట్లో. నాన్న ఆవిడ డ్రైవర్. రెండేళ్ళ క్రితం పోయేదాకా అమ్మ కూడా ఆ ఇంట్లోనే పనిచేసింది.

అవాలిలో ఉండి వెళ్ళిన ఇంగ్లీషు ఆడవాళ్ళు వేసిన వాటర్‌కలర్ బొమ్మల్ని మేడమ్ ఇల్లిల్లూ తిరిగి సేకరించారు. ఇంగ్లండులో ఒక పల్లె దగ్గర మేడమ్ వాళ్ళ తాతలనాటి బంగళా ఉంది. జనం టికెట్ కొని చూస్తారట. ఈ బొమ్మలు అక్కడి గోడలకి. నేను లిస్టు రాయాలి: పేరు, ఊరు, దేనితో వేశారు.

రంగుని నీళ్ళతో పలచన చేసి కాగితం మీద పరిస్తే 'వాష్' అంటారట. ఎంత బాగుందో. పదిసార్లు రాసుకున్నాను.

జనవరి 12

నలభై ఒకటో బొమ్మలో అమ్మ ఉంది.

సాయంత్రం 6

మేడమ్ పెరట్లో దుప్పటి ఆరేస్తోంది. పక్కకి తిరిగిన ముఖం, నా బొటనవేలి గోరంత. అప్పటి పక్కింటావిడ వేసిందట. లిస్టులో పేరు 'ఉమన్ విత్ లాండ్రీ'.

ఫోన్ ఫొటోల్లో అమ్మ ఎప్పుడూ నావైపే చూస్తుంది. ఇందులో తన పని తాను చేసుకుంటోంది. నేను స్కూల్లో ఉన్నప్పుడు ఇలా ఉండేదన్నమాట.

మాకిస్తారా అని అడిగాను. నయీమ్‌లో మీరుండే గదికి పడమటి కిటికీ కదా, రెండేళ్ళలో వెలిసిపోతుంది, అక్కడైతే ఎండ తగలకుండా తెరలు వేసి ఉంచుతారు, వందేళ్ళుంటుంది అన్నారు మేడమ్.

వందేళ్ళు. తెరల వెనక.

జనవరి 13

నాన్నకి ఫోన్‌లో ఆ బొమ్మ చూపించాను. పెద్దది చేసి చూశాడు. మళ్ళీ చూశాడు.

"బొట్టేదే? మీ అమ్మ బోసి నుదురుతో గుమ్మం దాటగా ఎప్పుడైనా చూశావా?"

అన్నం సగంలో లేచిపోయాడు.

జనవరి 19

అమ్మ కుంకుమ భరిణె పట్టుకెళ్ళాను. బొమ్మకి ఇంకా అద్దం బిగించలేదు. అగ్గిపుల్ల చివర తడిచేసి, కుంకుమలో అద్ది, అమ్మ నుదుట పెట్టాను. ఆవగింజలో సగం అనుకున్నాను. కాగితం పీల్చుకుంది. మెంతిగింజంత అయింది.

దాచలేదు. వెంటనే చెప్పాను. మేడమ్ బొమ్మని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. ఈ బొమ్మ నీదీ కాదు, నాదీ కాదు, వేసినావిడది అన్నారు. ఇంటికి రాగానే నాన్న నా చేతిలోంచి భరిణె తీసుకుని లోపల పెట్టేశాడు. తిట్టినా బాగుండేది.

జనవరి 20

పాడైతే పంపరు, మాకే ఇచ్చేస్తారు అని లోపలెక్కడో అనుకున్నానా? లేదు అని రాశాను. కొట్టేశాను.

జనవరి 26

పంపుతున్నారు. నలభై ఒకటితో సహా. ఏడుపొచ్చింది.

మేడమ్ లిస్టు నా ముందు పెట్టారు. ఆ వరస నువ్వే మళ్ళీ రాయి, ఉన్నది ఉన్నట్టు రాయి అన్నారు. పేరు కూడా మార్చొచ్చా అని అడిగాను. తలూపారు.

ఫిబ్రవరి 2

41. దుప్పటి ఆరేస్తున్న సాయికుమారి. అవాలి.

వాటర్‌కలర్, కుంకుమ.