వల గుండ్లు ఓ గుప్పెడు

చిలకలగూడ,
20 నవంబరు 1948

నాన్నగారికి కాంతమణి వందనాలు. నేనూ, మీ మనవరాలు డోరా బాగున్నాం.

పోలీసు యాక్షన్ అయ్యాక ఇక్కడ గొడవలు సద్దుమణిగాయి. రైళ్ళు నడుస్తున్నాయి. ఆయన పోయాక ఒంటరి ఆడది ఈ ఊళ్ళో ఎలా బతుకుతుందని, మమ్మల్ని తీసుకుపోవడానికి వస్తానని రాశారు. ముందు ఇది చదవండి.

కొత్తగా వచ్చిన మిలిటరీ ఆఫీసరు భార్య బొంబాయి వెళ్తూ, సముద్రంలో మునిగి వచ్చాక తడి బట్టల మీద తొడుక్కునే అంగీ ఒకటి కావాలంది. బజారు దర్జీలకు అర్థం కాలేదట. నాకు మన కాలవ గుర్తొచ్చింది. అందులో మీరిచ్చే బాప్తిస్మాలకు అమ్మ కుట్టే అంగీ కొలతకే, బొత్తాలు లేకుండా, వెడల్పు చేతులతో ఇంట్లోనే కుట్టాను.

"ఏంది కాంతమణీ, గోనెసంచికి చేతులు పెట్టినవా?" అని పక్కింటి శ్యామలమ్మ నవ్వింది. ఆఫీసరు భార్య తొడుక్కుని అద్దం ముందు నుంచి కదల్లేదు. ఇంకో రెండింటికి గుడ్డ పంపింది. ఇప్పుడు శ్యామలమ్మ "జెర నాకు సుత నేర్పు" అంటోంది.

ఒకటే లోపం, గాలికి అంచు పైకి లేస్తోంది. నీళ్ళలో అంగీ తేలకుండా అమ్మ అంచులో వలకు కట్టే సీసపు గుండ్లు పెట్టి కుట్టేది. మోండా మార్కెట్టంతా తిరిగినా అవి దొరకలేదు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? గేదె ఈనిందా? తమ్ముడికి నా ఆశీస్సులు.

మీరు మాత్రం తప్పక రండి. వచ్చేటప్పుడు వల గుండ్లు ఓ గుప్పెడు తెండి. తిరుగు టిక్కెట్టు మీ ఒక్కరికే తీస్తాను.

మీ కుమార్తె,
కాంతమణి