గుడ్ ఫ్రైడే మూడో మాట

పొదిలి,
17 ఫిబ్రవరి 2002

ప్రియమైన ఫెబాకు,

పెద్దమ్మ ముద్దులు. మీ అమ్మ కులాసా. రోజూ మిరప కోతలకి వెళ్తోంది.

సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద గుడ్ ఫ్రైడే రోజు మన చర్చిలో ఏడుగురు ప్రసంగిస్తారు కదా. ఆరుగురు మగవాళ్లు. తల్లితో పలికిన మూడో మాట మాత్రం స్త్రీల సమాజానిది. ఇరవై ఏళ్లుగా నేనే చెబుతున్నాను. ఈసారి జాబితాలో నా పేరు లేదు. కొత్తగా వచ్చిన పాస్టరు శ్యామ్ సుందర్ అయ్యగారిని అడిగితే, "సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలని పౌలు కొరింథు వాళ్లకు రాశాడు కదమ్మా" అన్నారు. సంఘ పెద్ద, మా మరిది ప్రేమదాసు, "ఇక నీ గొంతుకి పింఛనివ్వు వదినా" అని నవ్వాడు.

పౌలు మాటను నేను కాదనను. ఎందుకలా రాశాడో తెలుసుకోవాలని ఉంది. వేదాంతం చదువుతున్నావు, నువ్వే చెప్పాలి.

నీకోసం ప్రార్థించే
ఆదెమ్మ పెద్దమ్మ

గుంటూరు,
24 ఫిబ్రవరి

ప్రియమైన పెద్దమ్మా,

పౌలు కొరింథు వాళ్లకు రాసిన ఆ పత్రికలోనే పదకొండో అధ్యాయం తియ్యి. స్త్రీలు ప్రార్థించేటప్పుడు, ప్రవచించేటప్పుడు ముసుగు వేసుకోమన్నాడు, మానెయ్యమనలేదు. నోరు మూసుకుని ప్రవచించడం ఎలాగో మీ అయ్యగారినే అడుగు.

రోమా పత్రిక చివర ఎంతమంది ఆడవాళ్ల పేర్లున్నాయో చూడు. మొదటిది నువ్వు నాకు పెట్టిన పేరే. ఆ ఉత్తరాన్ని రోమాకు మోసుకెళ్లింది ఆమేనని మా మాస్టారు అంటారు. తెచ్చినవాళ్లే చదివి అర్థం చెప్పేవాళ్లట. సంఘ కమిటీని గట్టిగా నిలదియ్యి.

నీ ఫెబా

పొదిలి,
10 మార్చి

ప్రియమైన ఫెబా,

నిలదీయడం నాకు రాదమ్మా. ఉత్తరాలు చదివిపెట్టడం వచ్చు.

పక్కింటి సర్దార్‌బీకి రాసిపెట్టేదీ, చదివిపెట్టేదీ నేనే. వేటపాలెంలో జీడిపప్పు పనికి వెళ్లిన ఆమె భర్త రంజాన్ మొన్న, "నేనొచ్చేదాకా నోరెత్తొద్దు" అని రాశాడు. విన్నవాళ్లు, "ఇదేం మొగుడే, పెళ్లాం నోరు కట్టేశాడు" అన్నారు. సర్దార్‌బీ నవ్వింది. బావగారితో గట్టు తగాదా గురించి అంతకుముందు ఆమె నా చేత రాయించింది. ఆ ఒక్క తగాదాకే అతని జవాబు.

కొరింథు వాళ్లు కూడా పౌలుకు ముందు ఉత్తరం రాశారని ఏడో అధ్యాయంలో ఉంది. అందులో ఏముంది?

నీ పెద్దమ్మ

గుంటూరు,
17 మార్చి

ప్రియమైన పెద్దమ్మా,

క్లాసులో అడిగాను. ఆ ఉత్తరం ఎవరికీ దొరకలేదట. మాస్టారు నీ ప్రశ్న బోర్డు మీద రాశారు. ఏం చేస్తావో రాయి.

ఫెబా

పొదిలి,
30 మార్చి

ప్రియమైన ఫెబా,

నిన్న గుడ్ ఫ్రైడే అయిపోయింది.

పోయిన ఆదివారం అయ్యగారికి సర్దార్‌బీ సంగతి చెప్పి, కొరింథు వాళ్లు ఏం రాశారండీ అని అడిగాను. చాలాసేపు పేజీలు తిప్పి, "తెలియదమ్మా" అన్నారు. ఆ మాట ఒప్పుకున్న అయ్యగారిని నేనింతవరకు చూడలేదు. "తెలియకుండా మీ పేరు తీసేశాను. మూడో మాట మీరే చెప్పండి" అన్నారు.

నేను ఐదోది ఇమ్మన్నాను.

"అది నాది కదా వదినా" అన్నాడు పక్కనే ఉన్న ప్రేమదాసు.

"తల్లి మాట నువ్వు చెప్పు ప్రేమదాసూ. నిన్నూ ఒక తల్లే కన్నది" అన్నాను. నిన్న వాడు మూడో మాట మధ్యలో వాళ్లమ్మను తలుచుకుని రెండుసార్లు ఆగిపోయాడు.

ఐదో మాట దాహమవుతోందన్నది. మార్చి ఎండలో మిరప చేలో వంగి, మంచినీళ్ల బిందె కోసం చూసే ఆడవాళ్లే మన చర్చిలో సగం మంది. వాళ్లకే చెప్పాను. ప్రభువుకు నీళ్లకు బదులు పుల్లటి చిరక అందించారని చదవగానే, మీ అమ్మ పైకే, "అయ్యో, గుక్కెడు నీళ్లివ్వలేకపోయారా" అంది.

చర్చి అంతా విన్నది. మౌనంగా ఉండమని ఎవరూ అనలేదు.

ప్రభువునందు
నీ పెద్దమ్మ ఆదెమ్మ